రంగం ప్రెస్సు

అంబాజీపేటలో కొబ్బరి డిపోల వెనక
మా ప్రెస్సుకి బోర్డు లేదు.
కాలవ గట్టు దిగి పీచు కుప్పలు దాటితే
ట్రెడిల్ చప్పుడే దారి చెప్పేది.
అందరూ రంగం ప్రెస్సు అనేవారు.

బిల్లు పుస్తకాలు, శుభలేఖలు,
దింపు కూలీల రేట్ల కాయితాలు.
బురదలో చెయ్యి పెట్టి మట్టగిడసని పట్టినట్టు
నాన్న వేళ్లు చూడకుండానే గళ్లలోకి వెళ్లి
అక్షరాన్ని పట్టుకొచ్చేవి.

రంగంలో సర్కారు ప్రెస్సులో కుదిరేనాటికి ఆయనకి పందొమ్మిదేళ్లు.
వాళ్ల అక్షరాలూ మనవాటిలాగే గుండ్రం.
"భాష రాకపోయినా చేతికి చుట్టరికం తెలుస్తుందమ్మా" అనేవాడు.
ఆ దేశపు రాజ్యాంగం మళ్లీ అచ్చుకెక్కుతున్న ఏడు
ఆయన వాటాకి పదకొండు పేజీలొచ్చాయి.
అందులో ఏముందో పూర్తిగా తెలీదు,
పౌరుడు అన్న మాట మాత్రం గుర్తుపట్టేవాడు.
పేజీకి నాలుగైదుసార్లు తగిలేదట,
ఆ గళ్లే ముందు ఖాళీ అయ్యేవట.

అరవైరెండు మార్చిలో ఒక పొద్దున్న
రోడ్డు మీద ట్యాంకులు.
టీకొట్టు తెరిచే ఉంది,
బస్సులు తిరుగుతూనే ఉన్నాయి.
ప్రెస్సులోకి ఒక కెప్టెన్ వచ్చాడు,
బూట్లు గుమ్మం బయట విప్పి మరీ.
మర్యాదస్తుడు.
"ఆ పేజీలు విప్పేయండి, అక్షరాలు కావాలి."

తగలబెట్టలేదు, చించలేదు.
పురికొస ముడి విప్పి
ఎక్కడి అక్షరం అక్కడ గడిలో వేసేశారు.
కథ ఎప్పుడూ ఇక్కడే ఆగేది,
గ్లాసు కింద పెట్టేవాడు.
"మర్నాడు వాటితోనే ఆర్డర్లు కూర్చాను.
అవే అక్షరాలు. ఒక్కటీ మొరాయించలేదు."

తర్వాత ఓడ.
రేవులో అమ్మ చెవులు బోసిపోయాయి.
దిద్దులకి రసీదు ఇచ్చారు, చక్కగా అచ్చేసిన రసీదు.
"మా ప్రెస్సు పనే" అన్నాడట నాన్న.

డెబ్బైఅయిదు. శ్రావణం. కాలవ నిండా ఎర్రనీళ్లు.
దానియేలు మేష్టారు రాత్రి తొమ్మిదింటికి వచ్చి
చొక్కాలోంచి ఒక కాయితం తీశాడు.
"రెండొందల కాపీలు చాలు గవర్రాజు గారూ.
ఇక్కడ ట్యాంకులేం రాలేదు కదా, భయం దేనికి?"
నాన్న చదివాడు. రెండుసార్లు.
మడిచి ఆయన జేబులోనే పెట్టేసి
"అక్కడా బస్సులు తిరిగాయండీ" అంటూ
లాంతరు వత్తి తగ్గించాడు.

మేష్టారు గొడుగు మర్చిపోయి వెళ్లాడు.
పదిరోజులకి, బోడసకుర్రు రేవులో పంటు ఎక్కుతుంటే
పట్టుకున్నారని తెలిసింది.
ఆ గొడుగుని మా ఇంట్లో ఎవరూ తెరవలేదు.
నాన్నతో నేను ఆ ఏడాదంతా సరిగా మాట్లాడలేదు.
పన్నెండేళ్లదాన్ని,
ధైర్యం చవగ్గా దొరికే వయసు.

నాన్న పోయాడు. ఆఫ్‌సెట్లొచ్చి చాన్నాళ్లయింది.
సీసం తూకానికి వేసేద్దామని
మొన్న రాజమండ్రి నుంచి మనిషిని పిలిచాను.
రాతిబల్ల కింద, నూనెగుడ్డలో,
ముడి విప్పని పేజీ ఒకటి.
సిరా ఎరగని సీసం.
కుడి నుంచి ఎడమకి వేలితో తడుముతూ చదివాను.
మేష్టారి కాయితం. పొల్లు పోలేదు.
రెండుసార్లు చదివింది అందుకా నాన్నా.

రోలరు లేదు. చేత్తోనే సిరా పూసి
పాత బిల్లు కాయితం వెనక్కి తిప్పి పరిచి
అరచేత్తో నొక్కాను.

నాలుగో వరుసలో హకు అని పడింది.
వత్తు ఉండాల్సిన చోట రెండు నల్లగీతలు,
ఏదో అచ్చుని తలకిందులుగా నిలబెట్టాడు.
గడిలో అక్షరం అయిపోతే కంపోజిటర్లు చేసే పనే అది,
దొరికాక వేద్దామని గుర్తు.
కొబ్బరి లెక్కల్లో ఆ వత్తే ముందు అయిపోయేది.

అప్పటికే గళ్లన్నీ బస్తాల్లోకి గుమ్మరించేశాం.
"ఒకటి వెతకాలి" అన్నాను.
తూకం మనిషి బీడీ ఆర్పి
బస్తా మూతి విప్పి నేలమీద పోశాడు.
దేనికని అడగలేదు.
చీకటి పడ్డాక
సెల్‌ఫోను లైటు పట్టుకున్నాడు.