వంతెనలో వంతు

గుత్తి దాటినాక రెండో గేటు దగ్గర
ఆకాశంలో ఒక బల్ల వేసి ఉంది.
కాళ్ళున్నాయి, పైన పలక ఉంది,
ఎక్కే దారి లేదు, దిగే దారీ లేదు.
పట్టాల మీది ముక్క రైల్వేది.
వాళ్ళ ముక్క వాళ్ళు కట్టి, సున్నం కొట్టి,
తేదీ కూడా రాసి వెళ్ళిపోయారు.
అటు ఏటవాలు ఢిల్లీది.
ఇటు ఏటవాలు మాది.
కింద కాలువా దీపాలూ పంచాయతీవి,
దీపాలనగానే సర్పంచికి
కరెంటు బాకీ గుర్తొస్తుంది.

నేను సబ్ డివిజన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును.
నా దగ్గర వంతెన మూడంగుళాల మందం,
ఎర్రనాడాతో కట్టి ఉంటుంది.

గేటు పడితే ఇరవై నిమిషాలు.
గూడ్సు బండి ఒకటి, దాని వెనకే ఇంకొకటి.
చీనీకాయల లారీ ఇంజను ఆపేస్తుంది.
నెట్టికంటమ్మ ఉడకబెట్టిన చెనిక్కాయల గంప దించి
నన్ను గుర్తుపడుతుంది.
"బిడ్జి అయితే నా గంప ఎవురు కొంటారు సార్?
అయినా కానీండి.
మా కోడలికి కార్తీకంలో నెలలు నిండుతాయి."

మా జేజినాయన చెప్పేవాడు
మూడిళ్ళోళ్ళు కలిసి బావి తవ్విన సంగతి.
ఒకరివి ఎద్దులు, ఒకరివి రాళ్ళు,
ఏమీ లేని ఓబులేసు
పూటపూటకీ సంగటి కెలికి పెట్టినాడంట.
నీళ్ళు పడినాక వంతులేసుకున్నారు.
సంగటి పెట్టినోడికి తెల్లారుజాము వంతు,
ఎండ తాగని నీళ్ళు.

వంతు అంటే వాటా.
వంతు అంటే ఒకరి తర్వాత ఒకరు.
వంతెన అనే మాటలో ఆ రెండూ ముందే ఉన్నాయి.
మేము మొదటిదాని కోసం కొట్లాడుతూ
రెండోదాన్ని ఒకరి మీదికొకరం తోసుకుంటున్నాం,
ముందు మీది, ముందు మీది అని.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది.
ఒక శుక్రవారం సాయంత్రం, బస్సుకు టైమవుతుంటే
నోటు ఫైల్లో నేనే రాశాను:
"కేంద్రం వాటా జమ అయిన పిదప పరిశీలించవచ్చును."
తప్పేం లేదు. వాక్యం కూడా బాగుంది.
అటువైపు నాలాంటివాడే ఎవడో
"రాష్ట్రం వాటా జమ అయిన పిదప" అని రాసి
తన బస్సు తాను అందుకుని ఉంటాడు.
పద్నాలుగు నెలలు.
ఇనుము ధర పెరిగింది.
పెరిగిన ముక్క ఎవరిదో తేల్చడానికి
ఇంకో ఫైలు పుట్టింది.

మొన్న వానలకు ముందు
ఊళ్ళో ఏమనుకున్నారో ఏమో,
కుళ్ళాయప్ప ట్రాక్టరు మొదట వచ్చింది.
చెరువు పూడిక, ఎర్రమట్టి, క్వారీలో పారేసిన రాళ్ళు.
ఇంటికి రెండు ట్రిప్పులు, మూడు ట్రిప్పులు.
డీజిలుకు లేనోళ్ళు పారలు తెచ్చారు.
ఎర్రిస్వామి తన మందనంతా
ఆ మట్టి మీద అటూ ఇటూ తోలినాడు.
గొర్రెకాలు రోలరు అని మా ఎస్టిమేట్లలో ఒకటుంటుంది,
గంటకింత అని బాడుగ.
నిజం గొర్రెలు ఆ పని చేయగా చూడటం
నాకదే మొదలు.
పదకొండో రోజు
ఒక మోపెడు బల్ల మీదికెక్కి
అవతల దిగింది.

నిన్న తాఖీదు వచ్చింది.
అనధికార మట్టిని తొలగించి
ఖర్చు బాధ్యుల నుంచి రాబట్టవలెను.
ఈఈ గారి మాటా నిజమే,
పెద్ద వానకు అది నిలవదు,
చీనీ లారీ ఎక్కితే కూలుతుంది.

ఖర్చుల పట్టికలో నాలుగు గడులు:
కేంద్రం, రైల్వే, రాష్ట్రం, పంచాయతీ.
ఏ గడిలోనూ గొర్రెలు పట్టవు.
స్కేలు పెట్టి పెన్సిలుతో
ఐదో గీత గీశాను.
కింద బస్సు హారను కొడుతోంది. కొట్టనీ.
గడి పైన ఏ పేరు రాయాలో తోచలేదు.
లోపల మాత్రం రాశాను:
మట్టి, మూడు వందల పదకొండు ట్రిప్పులు.
జమ అయినది.