ముందు గంట

పర్లాకిమిడిలో తెల్లారగట్ల నాలుగింటికి
ఖాళీ రోడ్డు మీద గంట కొట్టుకుంటూ పోయే సైకిలు ఒక్కటే.
కుక్కలకి కూడా అలవాటైపోయింది, తల ఎత్తవు.
హవల్దారు కురమాన పారినాయుడు
ఎవరూ అడ్డం లేని చోట ఎవరినో తప్పుకోమంటూ
మహేంద్రతనయ ఇసకలోకి దిగుతాడు.

అక్కడ మేం పదకొండుమందిమి,
మిలట్రీ సెలక్షన్‌కి కాళ్లు సానబెట్టుకుంటున్నవాళ్లం.
తెలుగువాళ్లం నలుగురం, ఒడియావాళ్లు ఆరుగురు,
గుమ్మా కొండల నుంచి సోంబారు అనే సవర కుర్రాడు.
తిట్టుకోడానికి మూడు భాషలు,
ఆయాసపడ్డానికి ఒకటే.

పరుగయ్యాక ఇసకలో వేలితో కొండ గీసేవాడు.
"ఇటు దారుంది. దారున్న కాడ కళ్లుంటాయి.
ఇటు దారి లేదు. అదే మన దారి, బావూ.
బలం ఏటి బలం? ఏనుక్కీ ఉంది.
రేపొస్తావనుకున్నోడి ముంగట ఇయాళే నిలబడాల.
ఆడు ఒక బూటు లేసు కట్టుకునేసరికి
రెండోది కట్టుకునే పని లేకుండా చెయ్యాల."

ఆ రెండో లేసు మీద మేం చాలా రోజులు నవ్వుకున్నాం.
మరి మా ఊరికి వేగం ఎక్కడిది?
పాత చిన్న రైలు కదులుతుండగానే దిగి
తాటిముంజెలు కొనుక్కుని, చిల్లర లెక్కపెట్టుకుని
మళ్లీ అదే పెట్టె ఎక్కేవాడట మా తాత.

ఆషాఢంలో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు.
తలుపు బార్లా తీసే ఉంది.
అయినా గంట కొట్టాడు, మూడుసార్లు దగ్గాడు,
వాకిట్లో బకెట్టుని కాలితో కదిపాడు.
"కొత్తల్లుడిలా ఏటా దగ్గు?" అని నవ్వింది అమ్మ.
నాన్న గేదె కొమ్ములోంచి దువ్వెన తీస్తున్నాడు,
సగం పళ్లు కోశాడు, సగం ఇంకా కొమ్మే.
దాన్నే చూస్తూ కూర్చున్నాడు హవల్దారు. వాన పెరిగింది.

"తొమ్మిది గంటలెక్కాం, తాళ్లట్టుకుని.
బూట్లకి గోనెగుడ్డలు. దగ్గొచ్చినోడు
టోపీ నోట్లో కుక్కుకున్నాడు.
అనుకున్న దానికన్నా ఇరవై నిమిషాలు ముందే పైకెళ్లిపోనాం.
మెడలిచ్చింది ఆ ఇరవై నిమిషాలకే.
అక్కడొక గుంటడు, చేతిలో దువ్వెన.
అద్దం లేదు. కెటిలు మూతలో చూసుకుంటన్నాడు.
పాపిడి సగం తీశాడు.
మూతలోనే కనబడ్డాను ఆడికి, ముందు."

నాన్న రంపం ఎప్పుడాగిందో నేను గమనించలేదు.
అమ్మ టీ తెచ్చింది. చల్లారేదాకా చూసి
ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

ఏదో మారుతుందనుకున్నాను.
మర్నాడు ఇసకలో అదే వాచీ, అదే గొంతు:
"నాలుగు సెకన్లు! నాలుగు సెకన్లలో ఏటవుద్దో తెలుసా నీకు?"
తెలుసు. మొదటిసారి తెలిసింది.
అందుకే పరిగెత్తానో, అందుకే వెనకబడ్డానో
ఈ రోజుకీ చెప్పలేను.

నాకు రాలేదు. సోంబారుకొచ్చింది.
వాడు బండెక్కే రోజు హవల్దారు నాన్న దగ్గర దువ్వెన కొన్నాడు,
పది రూపాయల కోసం పావుగంట బేరమాడి మరీ.
స్టేషన్లో వాడి జేబులో పెట్టాడు.
ఏమీ చెప్పలేదు. వాడూ అడగలేదు.

ఇప్పుడు నేను పాతపట్నం మీదుగా కూరగాయల ఆటో తోల్తాను.
తెల్లారగట్ల వంతెన దగ్గర లైటు ఆపుకుని
టీ తాగుతుంటే వినబడుతుంది.
ముందు గంట.
చాలాసేపటికి దగ్గు.
ఆ తర్వాతెప్పుడో, మంచులోంచి, తాపీగా
మనిషి.