జీరో నంబరు కాగితం

మధ్యాహ్నం అన్నాల వేళ, ఆటోనగర్‌లో మా షెడ్డు నీడన
ఉప్పూకారం అద్దిన మామిడి ముక్క కొరికాను.
ముక్క మీద ఎరుపు కారానిది కాదు.
బేరింగుల శివనాగయ్య వంగి చూశాడు:
"ఒరే, నీ నోట్లో ఆయిల్ సీలు పోయింది."

అందరం నవ్వాం.
నాకు నవ్వినా నొప్పే.

పది రోజులనుంచీ ఇంతే.
పొద్దున్నే ఉమ్మితే తెల్లటి నురగలో ఎర్రటి పోగొకటి
సింకులో తిరిగి తిరిగి జారిపోయేది.
గబగబా నీళ్ళు వదిలేవాణ్ణి,
దొంగసొత్తు దాచినట్టు.
రక్తం వస్తోందంటే ఇంకా మురికుందనుకుని
ఇంకాస్త గట్టిగా తోమేవాణ్ణి.

తోమడం నాకు చిన్నప్పుడే పట్టుబడ్డ పని.
రాణిగారితోటలో మా రేకులింటి ముందు
నాన్న నా అరచేతిలో కచ్చిక నలిపి పోసి
"రుద్దరా, కిర్రుమనాలి" అనేవాడు.
అదే గట్టు మీద, అదే బూడిదతో
అమ్మ తపేలా అడుగు తోమేది.
గిన్నెకీ తోమడమే, పంటికీ తోమడమే,
మాట ఒకటే అయినప్పుడు
చెయ్యి మాత్రం రెండు రకాలుగా ఎట్లా ఆడుతుంది?
తోమడం అయ్యాక ఇద్దరం ఎండకెత్తి చూసుకునేవాళ్ళం,
ఆమె తపేలాని, నేను ఇకిలింపుని.

పటమటలో టైర్ల కొట్టు పైన పళ్ళ డాక్టరు,
సుభాషిణి అట, మా పెద్దమ్మాయి ఈడు.
నా చేతికే అద్దం ఇచ్చింది.
"పళ్ళు పొడుగయ్యాయి అంటున్నారు. పెరగలేదండీ.
చిగురు కిందికి దిగింది. ఏం పని చేస్తారు?"
"క్రాంకు షాఫ్టుల గ్రైండింగమ్మా."
"ఇంట్లో కూడా అదే చేస్తున్నారు" అంది, నవ్వకుండా.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు.
నాకు రాయి కూడా అక్కర్లేకపోయింది,
ముప్పై రూపాయల గట్టి బ్రష్షు చాలింది.

"మెల్లగా. చిగురు కదండీ అది."

మెట్లు దిగాను. రైతుబజారులో గోనె మీద
చింతచిగురు గుట్ట, లేత ఎరుపూ లేత పచ్చా.
గుప్పెడు తీసి చూడబోతే ఆవిడ కసిరింది:
"నలపమాకయ్యా, కమిలిపోద్ది!"
నలభై ఏడేళ్ళుగా నోట్లో ఉన్న మాట
అప్పుడు చెవిన పడింది నాకు.

షాఫ్టు చివరి నునుపుకి జీరో నంబరు కాగితం వాడతాం.
నూనెలో ముంచి, రెండు వేళ్ళతో, ఊపిరాడినంత మెత్తగా.
కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ చెబుతాను,
నిన్న యాకోబుకీ చెప్పాను:
"చెయ్యి బరువు వెయ్యకురా, కాగితం బరువు చాలు.
అరిగిన ఇనుము మళ్ళీ రాదు."
ఎంతమందికి చెప్పానో.
అద్దంలోవాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మెత్తటి కుచ్చు బ్రష్షు.
పొద్దునా, రాత్రి పడుకోబోయే ముందూ,
చిగురు అంచున ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు.
రెండు నిమిషాలు ఇంత పొడుగుంటాయని తెలీదు,
పక్కింటి కుక్కర్ మూడుసార్లు కూస్తుంది.
వెనక దవడ దగ్గరికొచ్చేసరికి
పాత చెయ్యి నిద్రలేస్తుంది, తపేలా గుర్తొస్తుంది దానికి.
అప్పుడు బ్రష్షు ఎడమచేతికి మారుస్తాను.
దానికి తోమడం రాదు.
తడుముకుంటూ, తడబడుతూ,
పసిపిల్ల నోరు తుడిచినట్టు పోతుంది.

ఎర్రపోగు సన్నబడింది. పూర్తిగా పోలేదు.
దిగిన చిగురు మళ్ళీ ఎక్కదని ఆ అమ్మాయి ముందే చెప్పింది,
ఉన్నది నిలుపుకోమంది.

ఇవాళ అన్నాల దగ్గర శివనాగయ్య అడిగాడు,
"ఏరా, సీలు మార్పించావా?"
"ఇది దొరకదన్నా" అన్నాను.

ఆటోనగర్‌లో దొరకని స్పేరు లేదంటాడు వాడు ఎప్పుడూ.
చింతచిగురు పప్పు కలుపుకుంటూ ఆగాడు,
నాలుకతో లోపల
ఒకసారి తడిమి చూసుకున్నాడు.