ముందు కూర్చున్నవాడు చెప్పాలి

బకెట్లో నీళ్ళు పోసి ట్యూబును ముంచితే
ఎక్కడ చిల్లో అక్కడ బుడగలు.
లాయోష్ గ్యారేజీలో సాయంత్రం ఆరయింది.
నేలంతా స్పానర్లు, గ్రీజు గుడ్డలు,
సగం తిన్న గసగసాల రొట్టె,
దాని మీద ఎవరిదో నల్లటి బొటనవేలి ముద్ర.

పై ఆదివారానికి ఇంకా పదకొండు రోజులు.
తిసా నది గట్టు మీద తొంభై ఆరు కిలోమీటర్లు,
ఊరి రక్షక పడవకు కొత్త మోటారు కోసం.
పాతది మార్చి వరదలో, నడిరేయి, నడి నీళ్ళలో
రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఆ రాత్రి గెర్గే తెడ్లతోనే వెళ్ళి
ఒక ముసలాయన్నీ ఆయన మేకనీ ఒడ్డుకు తెచ్చాడు.
మేక గురించి ఇప్పటికీ చెబుతాడు.
ఇంకో ఇంటిదాకా వెళ్ళలేకపోయిన సంగతి చెప్పడు.

చందా పుస్తకం పిరోష్కా దగ్గరుంది.
బేకరీ ఆవిడ కిలోమీటరుకు రెండు వందల ఫోరింట్లు రాసింది.
మాంసం కొట్టాయన మాత్రం
"లాయోష్ చివరిదాకా తొక్కితే పదివేలు,
దిగి నడిస్తే సున్నా" అని రాసి
సంతకం కూడా పెట్టాడు.
అప్పటినుంచీ లాయోష్ రాత్రిపూట రొట్టె మానేశాడు.
మానేశానని రోజుకు నాలుగుసార్లు చెబుతున్నాడు.

నాకు దక్కింది జంట సైకిలు.
రెండు సీట్లు, తిరిగే హ్యాండిలు ఒక్కటే.
ముందు నేను, వెనక ఎతెల్కా.
పదేళ్ళయింది ఆవిడకు చూపు పోయి.
పియానోలకు శ్రుతి సరిచేస్తుంది.
మా చక్రం చువ్వల్ని కూడా ఒక్కొక్కటే మీటి
"ఇదిగో, ఈ పద్నాలుగోది బద్ధకంగా ఉంది" అంటుంది,
బిగిస్తే నిజంగానే వదులు.

నేను రైల్వేలో ముప్ఫై ఏళ్ళు సిగ్నళ్ళు చూసినవాణ్ణి.
ఎరుపు, పచ్చ. అంతకుమించి
ఎవరితోనూ పెద్దగా మాట్లాడింది లేదు.
మొదటి రోజు గతుకొచ్చింది, చెప్పలేదు.
ఎతెల్కా నాలుక కరుచుకుంది.
మలుపొచ్చింది, చెప్పలేదు.
ఇద్దరం గోధుమ చేలో పడ్డాం.
జుట్టులోంచి కంకి తీసి పారేస్తూ ఆవిడ అంది:
"యెనో, నువ్వు రైలుకైనా ఈల వేసేవాడివి కదా."

ఇక నేర్చుకోక తప్పలేదు.
గతుకు. ఎడమకు. కంకర.
బ్రేకు వేస్తున్నా. కుక్క. భయం లేదు, కట్టేసి ఉంది.
నాలుగో రోజుకు అక్కర్లేనివీ నోటికొచ్చాయి:
ఎవరో గాలం పట్టుకుని నిద్రపోతున్నాడు.
కొంగ. కాదు, రెండు కొంగలు.
ఆవలి ఒడ్డున ఎవరో దుప్పటి ఉతుకుతున్నారు, ఎర్రది.
నా గొంతు నాకే కొత్త,
బీరువా అడుగునుంచి తీసిన ఉన్ని కోటులా
ఇంకా కలరా ఉండల వాసన.

నిన్న సాయంత్రం తిసా పూసింది.
పువ్వులని పేరే గానీ పురుగులవి.
మూడేళ్ళు ఒడ్డు బంకమట్టిలో దాక్కుని
ఒక్క పూటకు రెక్కలు తెచ్చుకుంటాయి.
నీళ్ళ మీంచి ఒక్కసారిగా లేచాయి,
నా కళ్ళజోడు మీద, గడ్డంలో, చొక్కా లోపల.
సైకిలు ఆపాను.

"ఏమైంది?" అంది ఎతెల్కా.
"వచ్చాయి" అన్నాను.
"ఎన్ని?"
ముప్ఫై ఏళ్ళు గూడ్సు పెట్టెలు లెక్కపెట్టినవాణ్ణి,
మొదలుపెట్టి వదిలేశాను.
ఆవిడ అరచెయ్యి చాచింది. ఒకటి వాలింది.
"బరువే లేదు" అంది, అదేదో ఫిర్యాదులా.
తర్వాత చాలాసేపు చెయ్యి కదపలేదు.
చెప్పాల్సింది కళ్ళ ముందు అంత ఉన్నా
నేనూ ఏమీ చెప్పలేదు.
ఈసారి ఆవిడ తప్పుపట్టలేదు.

బకెట్లో బుడగలు ఆగాయి.
లాయోష్ అతుకు మీద వేలు అదిమిపట్టి
అరవై దాకా లెక్కపెడుతున్నాడు,
నలభై దగ్గర రొట్టె వైపు చూశాడు.
"ఆ రోజు వాన పడితే?" అంది పిరోష్కా.
గెర్గే పంపు పక్కన పెట్టాడు. ఎవరూ పలకలేదు.

"తడుస్తాం" అన్నాను.

మాట్లాడిందెవరా అని
అందరూ తలెత్తి చూశారు.