ఏడో పాటలో దగ్గు

ఏనుమాముల మార్కెట్ వెనుక, కోల్డ్ స్టోరేజీ మీద
రేకుల గది. కిరాయి రెండు వేలు, కరెంటు వేరే.
చప్పుడు బయటికి పోకుండ గోడలకు గోనెసంచులు కొట్టినం.
ఘాటు లోపలికి రాకుండ ఏం కొట్టాల్నో
ఎవలకు తెల్వదు.

మేం తీస్తున్న ఆల్బమ్
ఐదువందల ఏండ్ల కింద కూలిన నీళ్ల నడిమి పట్నం గురించి.
టెనోచ్‌టిట్లాన్.
ఓదెలు మొదటి నెలంత టెంకాయచెట్లన్ అన్నడు.
నుజ్హత్ ఆ పేరును మూడు రోజులు నమిలి
నాలుగో నాడు రాగంల పెట్టింది.

పది పాటలు.
చెరువు మీద ఒండ్రు పరిచి మక్క పండించుడు మొదటిది.
గుర్రాన్ని ఎన్నడు చూడనోళ్లు
ఇంటెత్తు జింకలొచ్చినయని రాజుకు చెప్పుడు ఐదోది.
ఏడోది నేను రాసిన.
యాభై రెండేండ్లకోసారి వాళ్లు
ఊరూరంత పొయ్యిలు ఆర్పి, కుండలు పగలగొట్టి
పిల్లలకోడి చుక్కలు నడినెత్తి దాటుతయా లేదా అని
చీకట్ల కూసుంటరట.
దాటితే లోకం ఉన్నట్టు.
దాటకుంటే

ఆ మాట కింద వాయించడానికి క్లెమెంటుకు ఏ కార్డూ దొరకలే.
ఫాతిమానగర్ నుంచి గిటార్ వీపున కట్టుకొచ్చి
రాత్రంత ఒక్క తీగనే గోకుకుంట కూసున్నడు.

ఓదెలుది ఇంకో గోస.
డ్రమ్స్ సెట్టు పక్కన తాతల నాటి డప్పు పెట్టుకున్నడు.
కాపకుంటే అది పలకదు.
పొయ్యిలన్నీ ఆరిపోయే పాటకు
డప్పు కాపే మంట ఎక్కడిది?

గప్పుడే కరెంటు పోయింది.
ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తనే ఉన్నది, ఎర్రచుక్క వెలుగుతనే ఉన్నది.
కింద తేజ రకం బస్తాలు దించుతున్న కట్టయ్య,
ఓదెలు నాయిన, మెట్లెక్కొచ్చిండు.
ఆధార్ల యాభై రెండేండ్లు. అసలుది ఆయనకే తెల్వదు.
"గింత దానికేనా" అని
యార్డుల ఊడ్చిన చెత్త ఇంత తెచ్చి అగ్గిపుల్ల గీసిండు.

చెత్తంటే ఏంది, మిరప తొడిమలే.

ఇగ చూడాలె.
నుజ్హత్ చున్నీ నోట్ల కుక్కుకున్నది. నేను కిటికీ ఎక్కడున్నదో మర్చిపోయిన.
మాట వినని పిల్లలను ఆ పట్నపోళ్లు
గీ పొగ మీదనే వంచేటోళ్లని చదివిన.
మా అమ్మ ఇదే పొగతోని దిష్టి తీసేది,
దగ్గు రాకుంటే దిష్టి బాగ తగిలిందనేది.
డప్పు మాత్రం కాగింది.

మిరపకాయ ఆ దేశంకెల్లే వచ్చిందంటే కట్టయ్య నమ్మలే.
"ముప్పై ఏండ్ల సంది మోస్తున్న. నాకు చెప్తవా?"

బయటికొచ్చి చూసినం.
పిల్లలకోడి ఎప్పుడో నడినెత్తి దాటింది,
ఎవలు చూడకముందే.

తెల్లారి ఇయర్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే
కట్టయ్య కండ్లు మూసుకోని మొత్తం విన్నడు.
"మంచిగున్నది. క్వింటాలుకు ఎంత పలుకుతది?"

మా నలుగురి దగ్గులు క్లెమెంట్ కోసేసిండు.
ఐదోది కోయలే.
రెండో నిమిషం పదకొండో సెకండు కాడ ఉంటది,
డప్పు కంటె కొంచెం ముందు.