రెండు కాలర్లు, గంజి ఎక్కువ

తలుపు దగ్గర టోపీ పెట్టుకున్న కుర్రాడు
రహస్యపు మాట అడుగుతాడు.
ఈ వారం మాట: నెమలి.
చెప్పినవాళ్ళకి పుస్తకాల అర పక్కకి జరుగుతుంది.
చెప్పనివాళ్ళకీ జరుగుతుంది, కాస్త ఆలస్యంగా.

ఆ అర మా తమ్ముడు డారియో
డెన్వర్ నుంచి తెప్పించాడు.
అన్నీ పుస్తకాల వీపులే, లోపల అట్టముక్క.

అసలు తలుపు గోడలో లేదు.
నేలలో ఉండేది, ఇస్త్రీ బల్ల కింద.
తలుపు మీద పరుపు, పరుపు మీద మా అమ్మమ్మ జీటా,
ఎనిమిదేళ్ళది,
బీట్‌రూట్ రసంతో ఒళ్ళంతా తట్టు పోసుకుని, మూలుగుతూ.
షెరీఫ్ గుమ్మంలోనే ఆగి, టోపీ తీసి,
పాపం అనుకుంటూ వెళ్ళిపోయేవాడట.
ఒక్క చలికాలంలో ఆమెకి నాలుగుసార్లు తట్టు పోసింది.
ఊళ్ళో డాక్టరు కూడా ఏమీ అడగలేదు.
ఆయన చొక్కాలూ ఇక్కడికే వచ్చేవి.

ఇరవై నాలుగులో గని కూలాక
కంపెనీ ఓర్సోలాకి ఇచ్చింది
మొగుడి బూట్లు, ఇల్లు ఖాళీ చెయ్యడానికి పదిహేను రోజులు.
బూట్లు అమ్మి
కంచరగాడిదల జీన్లు దాచే ఈ ఇటుక కొట్టు
అద్దెకి తీసుకుంది.

పైన బట్టల బట్టీ, కింద సారా బట్టీ,
రెంటికీ ఒకటే పొగగొట్టం.
సబ్బు వాసన ముందు నడిచేది,
పులిసిన మొక్కజొన్న దాని కొంగు పట్టుకుని వెనకే.
"రెండు కాలర్లు, గంజి ఎక్కువ" అనేవాళ్ళు గని మనుషులు,
జన్మలో కాలరు తొడగనివాళ్ళు.
ఆమె మాత్రం చుక్క ముట్టలేదు.
నీలిమందు ఎక్కిన వేళ్ళతో సీసాలు నింపేది.

గోడ పగలగొడితే చిట్టా పుస్తకం దొరికింది.
డారియో దాన్ని గాజుపెట్టెలో పెట్టి, పైన దీపం వేలాడదీశాడు.
బారు తెరిచిన రోజు, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చిన అమ్మమ్మ
గాజు తీయించి, పేజీలు తిప్పింది.
ఇరవై తొమ్మిది, మార్చి.
సిల్వియో టవెర్నారో, ఒక కాలరు.
పక్కనే అదే చేతిరాత, వంకరపోయి: కళ్ళు.

ఆ తర్వాత ప్రతి సోమవారం, పన్నెండేళ్ళు,
టవెర్నారో దుప్పట్లు, టవెర్నారో పిల్లల గౌన్లు,
ఎదురుగా సున్నా.

"మూటలు నేనే మోసేదాన్ని," అంది అమ్మమ్మ.
"నా అడుగు చప్పుడు పోల్చుకుని
ఆయన కుర్చీలోంచి లేచేవాడు.
అమ్మని అడిగినట్టు చెప్పు, అనేవాడు."
ఇంకేమీ చెప్పలేదు.
సోడా కావాలంది. ఐసు వద్దంది.

చిట్టా మళ్ళీ గాజు కిందికి వెళ్ళింది,
ముందు తెరిచి ఉన్న పేజీకే.
ఫోటోల్లో అదే బాగా పడుతుందట.

గ్లాసులు తుడిచేది నేను.
సోమవారాలు మూసేస్తాం.
వ్యాపారం తక్కువ అందుకే, అంటాడు డారియో.
నేను మాత్రం వచ్చి, బల్లగుడ్డలు నానబెట్టి,
కాసేపు అక్కడే నిలబడతాను.