ఇద్దరికీ కాని శ్రుతి

కాన్సస్ సిటీలో ఫిబ్రవరి.
పాత టోపీల ఫ్యాక్టరీ, మూడో అంతస్తు.
గోడలకి గుర్రపు కంబళ్ళు కొట్టి
స్టూడియో అన్నారు.
నేను పియానో శ్రుతి చేసేవాణ్ణి.
రోజుకి పన్నెండు డాలర్లు, కాఫీ ఉచితం.
నడిమి మెట్టు ఒకటి పదే పదే అతుక్కుపోతోందని
నన్ను ఇంటికి పోనివ్వలేదు.

వెర్నా కల్పెపర్ గొంతు కిందనుంచి వస్తుంది,
నేలమాళిగలోంచి ఎవరో దీపం పట్టుకు మెట్లెక్కుతున్నట్టు.
ఎల్లిస్ టిబొడోది పైన,
హోటల్ లాంజుల్లో ఎవరూ వినకపోయినా
నలగని ఇస్త్రీ చొక్కా.
కంపెనీవాళ్ళు కలిపారు.
అంతకుముందు రైలుపెట్టెలోనైనా ఎదురుపడలేదు.

పాటలన్నీ అరిగినవే.
వెన్నెల మీద ఒకటి,
ఆలస్యంగా వచ్చిన ప్రేమ మీద మూడు,
వాన మీద ఒకటి.
ఈ ఊళ్ళో గడ్డాలు గీసేవాడికీ నోటికొచ్చినవి.
గొడవంతా ఎక్కడ ఎత్తుకోవాలన్నదే.
ఆమెకి హాయైన చోట అతను గొణుగుతాడు,
అతనికి హాయైన చోట ఆమె అరవాలి.
పియానో ముందు హాస్కెల్
ఒక్కో మెట్టే దింపి, మళ్ళీ ఎక్కించి,
ఇద్దరికీ నచ్చని చోట ఆగాడు.
"ఇక్కడ?"
మొహాలు ముడుచుకున్నారు.
"సరే."

ఆ సరే నాకు తెలుసు.
ముప్పై ఏళ్ళుగా నా కూడు అదే.
ఏ తీగనీ పూర్తి నిజం చెప్పనివ్వకూడదు.
ఒకటి నిక్కచ్చిగా నిలబడిందా,
ఇంకెక్కడో రెండు తోడేళ్ళలా ఊళపెడతాయి.
అందుకే అన్నిటినీ
వెంట్రుకవాసి తప్పుగా కడతాను.

నాలుగో టేకు. వాన పాట.
ఎల్లిస్ మాట మర్చిపోయాడు.
వెర్నా అందించలేదు.
పెదవులు మూసి, ఆ మాటంత పొడుగు
కూనిరాగం తీసింది,
జారుడు మెట్ల మీద చెయ్యి పట్టుకోకుండా
పక్కన నడిచినట్టు.
మైకు ఒక్కటే. తప్పుకోవడానికి చోటు లేదు.
తర్వాతి వరస అతను
ఆమె ఊపిరి అయ్యాకే అందుకున్నాడు.
ఆ అర ఊపిరి ఎడం చివరిదాకా చెరగలేదు.
అతుక్కునే మెట్టు ఆ ఒక్కసారి లేచింది.
నా గొప్పేం కాదు.

ఇంజనీరు మళ్ళీ తీద్దామన్నాడు.
ముసలి ఆర్విల్ తన బాస్‌కి
అప్పటికే గలేబు తొడిగేశాడు.
రేడియేటర్ టకటకమంది. అదీ టేపులో పడింది.

ఎండాకాలంలో రికార్డు వచ్చింది.
కవరు మీద ఇద్దరూ నవ్వుతున్నారు,
వేరువేరు రోజుల నవ్వులు, కత్తిరించి అతికించినవి.
నేను పెట్టి విన్నది మాత్రం మళ్ళీ మంచు పడ్డాకే.
రెండో వైపు, మూడో పాట.
మా ఆవిడ పళ్ళేలు తుడుస్తూ ఆగి
ఎవరో తలుపు కొడుతున్నారంది.
రేడియేటర్, అన్నాను.
కాదు, వెళ్ళి చూడు, అంది.

వెళ్ళాను.
మెట్ల మీద మంచు, అడుగుల జాడ లేదు.
చలి లోపలికొస్తున్నా
పాట అయ్యేదాకా తలుపు తీసే ఉంచాను.